తొమ్మిదో అంశం

హాలాస్, హంగేరీ
ఫిబ్రవరి 4

యోలాన్,

నది గడ్డకట్టింది. మొన్న ఆదివారం చర్చి అయ్యాక మా వాళ్లు ఆరుగురు, అవతలి ఒడ్డు నుంచి మీ నాదాష్ వాళ్లు నలుగురు సరిగ్గా నది నడుమ కలుసుకున్నారు. రెండు దేశాల కాపలావాళ్లూ చెరో ఒడ్డున నిలబడి, పిట్టలేవో చూస్తున్నట్టు ఆకాశంలోకి చూశారట. మీ అన్న డెజో పంది సాసేజీలు ఒక మూట పంపాడు. "మాస్టారికివ్వండి, ఈసారి మిరప్పొడి ఎక్కువైందని సణగొద్దనండి" అన్నాడట. మిరప్పొడి ఎక్కువే అయింది. నేను సణగలేదు. తిన్నాను, నీళ్లు తాగాను, మళ్లీ తిన్నాను.

నేను మాత్రం మంచు మీదికి వెళ్లలేదు. మోకాలు సహకరించలేదు.

అసలు సంగతికొస్తాను. మీ ప్రధాని, మా ప్రధాని ఏప్రిల్లో కలుస్తారని రేడియోలో చెప్పారు. మా వైపు అడవిలో ఉన్న పాత వేట బంగళాలోనట. వరదలు, కరెంటు తీగలు, పని కోసం రోజూ సరిహద్దు దాటేవాళ్ల కష్టాలు, ఇలా చాలా మాట్లాడుకుంటారట. ఆ వార్త విన్న గంటలో మా మేయర్ లుకాచ్ నా వాకిట్లో ఉన్నాడు. మన రెండు ఊళ్ల వాళ్లూ సంతకాలు చేసిన అర్జీ రెండు రాజధానులకూ వెళ్లింది కదా, మూడు వందల పన్నెండు సంతకాలు. ఇపోయ్ నది మీద మన వంతెన మాట వాళ్ల పత్రంలో ఉందా లేదా అన్నది వాడి ప్రశ్న.

యుద్ధంలో ఆ వంతెనను పేల్చేసిన రోజు నాకు ఐదేళ్లు. కిటికీ అద్దం పగిలి పులుసు గిన్నెలో పడింది. అమ్మ ఆ పులుసు పారబోసి మళ్లీ కాచింది. యాభై రెండేళ్లయింది. ఇప్పటికీ రెండు రాతి స్తంభాలే మిగిలాయి. మీ ఊరు నా కిటికీలోంచి కనిపిస్తుంది, మీ కోళ్లు కూసేది వినిపిస్తుంది, వెళ్లాలంటే మాత్రం సాగ్ దగ్గరున్న సరిహద్దు గేటు మీదుగా చుట్టు తిరిగి నలభై ఆరు కిలోమీటర్లు. ఆసుపత్రి మీ ఒడ్డున అయిదు కిలోమీటర్లలో ఉంది. పోయిన ఏడాది లుకాచ్ కోడలు సాగ్ గేటు దగ్గర బండ్ల వరుసలో, కారు వెనక సీట్లో ప్రసవించింది. బిడ్డ బతికింది. ఆ పిల్ల కాలికి ఈనాటికీ బలం రాలేదు.

మీ ప్రధాని పక్కన కూర్చునే దుబాసీవి నువ్వే. వంతెన ఉందా, లేదా? ఒక్క మాట రాయి చాలు.

వెండెల్


బ్రాటిస్లావా, స్లొవాకియా
మార్చి 2

వెండెల్,

అడగొద్దు.

ఇంతే రాసి ఉత్తరం మూసేద్దామనుకున్నాను. కానీ రెండేళ్లుగా నువ్వు పంపే ఉత్తరాలకు ఒక్క మాట జవాబు రాయడం నాకు చేతకావడం లేదు.

పత్రంలో ఏముందో నాకు తెలుసు. తెలుసన్న సంగతి కూడా నేను చెప్పకూడదు. ఇరవై మూడేళ్లుగా ఆ గదుల్లో విన్నది ఒక్క ముక్క బయట అనలేదు. మా ఆయన ఓండ్రెయ్ బతికున్నప్పుడు భోజనాల దగ్గర "ఇవాళ ఏం జరిగింది?" అని అడిగేవాడు. "వంకాయ కూర పెట్టారు" అనేదాన్ని. అలా మా కాపురం వంకాయ కూర మీద నడిచింది.

నా పనేమిటో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదనుకుంటాను. మా ప్రధాని స్లొవాక్‌లో అంటాడు, నేను దాన్ని హంగేరియన్‌లో అవతలాయనకు చెప్తాను. ఆయన "నేను" అంటే నేనూ "నేను" అనాలి. ఆయనకు కోపం వస్తే నా గొంతులో కోపం ఉండాలి, ఆయన మర్యాద చేస్తే మర్యాద ఉండాలి. సాయంత్రం ఇంటికొచ్చి తలుపు తీసేసరికి నా గొంతులో నా మాట ఏదీ మిగలదు. అప్పుడు నీ ఉత్తరం తీస్తాను. చదివేటప్పుడు మన నాదాష్ హంగేరియన్ యాస దానంతటదే వస్తుంది. ఈ ఊళ్లో ఆ యాసలో మాట్లాడటానికి నాకొక్కరూ లేరు.

సాగ్ మీదుగా రమ్మని మూడోసారి రాశావు. బస్సుంది, పాస్‌పోర్టుంది, నాకు తెలుసు. వంతెన కట్టాక నడిచే వస్తానని చెప్పాను కదా. చుట్టు తిరిగి, ఎవరికో చుట్టం చూపుగా వచ్చినట్టు రావడం నాకిష్టం లేదు.

అన్నట్టు, అక్షరాలు ఇంత పెద్దవిగా రాస్తున్నావేం, ఒకటో తరగతి పిల్లలకు రాసినట్టు? పేజీకి పది వరుసలు కూడా పట్టడం లేదు.

యోలాన్


హాలాస్
మార్చి 21

యోలాన్,

పెన్ను మంచిది కాదు. సన్నగా రాస్తే కాగితం చిరుగుతోంది.

అడగొద్దన్నావు, అడగను. కానీ ఇక్కడ జరిగేది నీకు తెలియాలి. నువ్వు ఆ గదిలో ఉంటావన్న సంగతి నేనెవరికీ చెప్పలేదు. డెజో చెప్పాడు, నది అవతలి నుంచి కేకేసి మరీ చెప్పాడు. ఇప్పుడు రెండు ఊళ్లకూ నువ్వే దిక్కు. నిన్న లుకాచ్ వచ్చి కూర్చున్నాడు.

"మాస్టారూ, మన యోలాన్‌కు ఒక్క ముక్క రాయండి."

"ఆమె పని మాట చేరవేయడం లుకాచ్, మాట మార్చడం కాదు."

"మార్చమని ఎవరన్నారు? చేరవేసేటప్పుడు కాస్త తీయగా చేరవేయమనండి. పోయేదేముంది?"

"ఆమె ఉద్యోగం పోతుంది."

"మా కోడలికి పోయింది చాలదా?" అన్నాడు. అని, తల వంచుకుని టోపీ తిప్పుతూ కూర్చున్నాడు. నేను పాలింకా సారా పోశాను. ఇద్దరం తాగాం.

నువ్వు ఏమీ తీయగా చెప్పొద్దు. ఉన్నదున్నట్టు చెప్పు. నువ్వు మరోలా చేయగలవని నేననుకోను, చేస్తే నాకు నచ్చదు కూడా.

నిన్న పోస్టుమనిషి టెర్కా వచ్చినప్పుడు, రేగు పళ్లు పెట్టిన పిండి ఉండలు తెచ్చింది. వాటిని తింటే ఆ ఆగస్టు జ్ఞాపకం వచ్చింది. ఏడాదికోసారి అనుమతిచ్చి రెండు ఊళ్లనూ కలవనిచ్చిన రోజు. నీకు ఇరవై రెండు, నాకూ అంతే. నువ్వు పదకొండు ఉండలు తిని, పన్నెండోది నా పళ్లెంలో పెట్టావు. నేనొక మాట అడిగాను. "వచ్చే ఏడాది ఈ రోజే చెప్తాను" అన్నావు. వచ్చే ఏడాదికి ఆ రోజునే రద్దు చేశారు. ఆ పై ఏడాది నీ పెళ్లయింది.

నేను పెళ్లి చేసుకోకపోవడం నీ కోసమే అనుకుని బాధపడకు. ప్రపంచ పటం తప్ప ఇంట్లో మరేమీ లేని భూగోళం మాస్టారికి హాలాస్‌లో పిల్లనిచ్చేవాళ్లు లేకపోయారు. అంతే.

కానీ ఆ రోజు నువ్వేం చెప్పేదానివో తెలిస్తే బావుండునని అప్పుడప్పుడూ అనిపిస్తుంది. అది మాత్రం దేశరహస్యం కాదు కదా?

వెండెల్


బ్రాటిస్లావా
ఏప్రిల్ 19

వెండెల్,

వేట బంగళా నుంచి నిన్న తిరిగొచ్చాను. అడవి చిగురించింది. దారి పొడవునా అడవి వెల్లుల్లి వాసన. బంగళాలో గోడల నిండా జింక కొమ్ములు. నేను కూర్చున్న కుర్చీ ఎత్తు తక్కువ, నడుము పట్టేసింది.

మధ్యాహ్నం నాలుగు రకాలు వడ్డించారు. ముందు చేప పులుసు, మీ వైపు పద్ధతిలో, ఎర్రగా. మా ప్రధానికి చెమట పట్టింది. తర్వాత అడవి పంది మాంసం, గులాబీ కాయల గుజ్జుతో. ఆ తర్వాత పెరుగు గడ్డ చల్లిన పిండి పట్టీలు. చివర గసగసాల రొట్టె. అవతలి దుబాసీ పేరు క్లొటిల్డ్, నా కన్నా పెద్దది, ఎర్ర కళ్లద్దాలు. ఆవిడ గసగసాలు తినలేదు, పళ్లలో ఇరుక్కుంటే మాట్లాడలేనంది.

వాతావరణం బావుంది. తిరుగు దారిలో వాన పడింది.

నీ మోకాలు ఎలా ఉంది? డెజోకి చెప్పు, చలికోటు అప్పుడే దాచెయ్యొద్దని.

యోలాన్


హాలాస్
మే 5

యోలాన్,

నీ ఉత్తరం అందింది. ఒకటిన్నర పేజీ చేప పులుసు. ఓండ్రెయ్‌కు వంకాయ కూర, నాకు చేప పులుసు. నన్ను కాస్త ఎక్కువగానే గౌరవించావు.

పత్రికలో వచ్చింది. "ఇరు దేశాల ప్రధానుల చర్చలు ఫలవంతం." నది పొంగినప్పుడు ఒకరికొకరు ముందుగా కబురు చేసుకుంటారట. కరెంటు తీగలు కలుపుతారట. రోజూ దాటే కూలీలకు వేరే వరుస పెడతారట. అన్నీ మంచివే. వంతెన మాట ఎక్కడా లేదు. లుకాచ్ రాజధానికి ఫోన్ చేసి కనుక్కున్నాడు. "అవతలివాళ్లు అక్కర్లేదన్నారు. అడిగాం, వద్దన్నారు. ఆ అంశం మూసేశాం" అన్నారట.

ఆదివారం చర్చి బయట కాస్త గొడవైంది. ఎవరన్నారో చెప్పను. "వాళ్ల ప్రధాని వద్దన్నాడంటే ఆ మాట హంగేరియన్‌లో అన్నదెవరు? నాదాష్‌లో పుట్టిన మనిషే కదా! నాలుక ఎలా తిరిగిందో!" అన్నారు. నేను ఆ మనిషి కాలర్ పట్టుకున్నాను. నా వయసులో అది చూడదగ్గ దృశ్యం కాదు. టెర్కా వచ్చి విడదీసింది.

నువ్వు నాకేం చెప్పక్కర్లేదు. నిన్ను నేనేం అడగడం లేదు. కానీ ఆ ఉత్తరంలో మాటల మధ్య నువ్వు లేవు. పులుసు ఉంది, పంది ఉంది, క్లొటిల్డ్ పళ్లు ఉన్నాయి. నువ్వు ఏడుస్తున్నావనిపించింది.

మొన్న మీ కోళ్లు కూసినప్పుడు కిటికీ దగ్గరే నిలబడ్డాను. మీ అమ్మ ఉన్న రోజుల్లో నువ్వు సెలవులకు వచ్చేదానివట, ఒడ్డుకు మాత్రం రాలేదు. నేను ప్రతి ఆగస్టులోనూ ఒడ్డుకు వెళ్లేవాణ్ని. ఇది దెప్పడానికి రాయడం లేదు. ఇన్నేళ్లూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను.

వెండెల్


బ్రాటిస్లావా
జూన్ 9

వెండెల్,

ఈ ఉత్తరం చదివాక పొయ్యిలో పడెయ్యి. మామూలుగా ఇలాంటి మాట నాటకాల్లోవాళ్లు రాస్తారు. నేను నిజంగానే అంటున్నాను.

గదిలో నలుగురమే ఉన్నాం. వాళ్లిద్దరు, క్లొటిల్డ్, నేను. మొత్తం పదకొండు అంశాలు. వంతెన తొమ్మిదోది. మీ ప్రధానే దాన్ని ఎత్తాడు. ఊరి పేర్లు కూడా చదివాడు, హాలాస్, నాదాష్. నా పేరు ఎవరో పిలిచినట్టయింది. అర్జీ ఆయన చేతిలో ఉంది. సంతకాలున్న పేజీ తిప్పాడు. ఆ పేజీలో మా అన్న సంతకం కింద నీది ఉంటుందని నాకు తెలుసు.

మా ప్రధాని అప్పటికే అలసిపోయాడు. గడియారం చూసుకుని అన్నాడు: "ఆ నది మీద వంతెనా? ఇప్పటికి మాకు అక్కర్లేదు."

నేను చెప్పాను: "ఆ నది మీద వంతెనా? మాకు అక్కర్లేదు."

చూశావా? "ఇప్పటికి." ఆ ఒక్క మాట పడిపోయింది.

క్లొటిల్డ్‌కు స్లొవాక్ వచ్చు. ఆవిడ పెన్ను ఆగింది. కళ్లద్దాల మీదుగా నా వంక చూసింది. అవతలి దుబాసీ తప్పును నాయకుల ఎదుట దిద్దకూడదన్నది మాలో మర్యాద. ఎవరి తప్పు వాళ్లే దిద్దుకోవాలి. ఆవిడ నాకోసం ఆగింది. ఒక ఊపిరి తీసుకునేంత సేపు. నేను నోరు తెరవలేదు.

మీ ప్రధాని ముఖం ఎర్రబడింది. "అక్కర్లేదంటే సరే. మేమేం బతిమాలుకోం" అని అర్జీ మూసి పక్కన పెట్టాడు. "పదోది, కరెంటు తీగలు."

"ఇప్పటికి" అని ఉంటే ఆయన "మరెప్పుడు?" అని అడిగేవాడు. ఇరవై మూడేళ్లుగా అలాంటి మాటలు వింటున్నాను, నాకు తెలుసు. ఆ చిన్న మాట పట్టుకునే వాళ్లు గంటలు లాగుతారు.

ఎందుకు పడిపోయిందా అని రెండు నెలలుగా నన్ను నేను అడుగుతున్నాను. మొదట ఒక జవాబు దొరికింది. సొంత ఊరి సంగతి కదా, ఎక్కడ నావాళ్ల వైపు మొగ్గుతానోనని బిగుసుకుపోయి, ఉన్న మెత్తదనం కూడా తీసేశాను. అది మంచి జవాబు. నిజాయితీపరురాలి జవాబు. ఒక నెల దాంతోనే గడిపాను.

తర్వాత ఇంకో జవాబు వచ్చింది. ఆ వంతెన కడితే నేను దాని మీద నడిచి రావాలి. అవతలి చివర నువ్వుంటావు. ముప్పై ఐదేళ్ల కిందటి ప్రశ్న పట్టుకుని ఉంటావు. నాకు యాభై ఏడేళ్లు. ముందు పన్ను విరిగింది. జుట్టుకు రంగేసుకుంటాను. నీ ఉత్తరాల్లో నాకింకా ఇరవై రెండే. ఆ మనిషిని పోగొట్టుకోవడం నాకిష్టం లేదు. వంతెన లేదన్నది నాకు ఇన్నేళ్లుగా చక్కని సాకు. ఆ గదిలో నా సాకును నేను కాపాడుకున్నానేమో.

లుకాచ్ మనవరాలి కాలు గుర్తొస్తే అన్నం సహించడం లేదు.

ఆ ఆగస్టులో నేను చెప్పబోయిన మాట "సరే" అని. నీకు తెలుసనుకుంటూ ఇన్నేళ్లు బతికాను.

యోలాన్


హాలాస్
జూన్ 20

యోలాన్,

ముందుగా నా తప్పు చెప్పుకోవాలి. అది విన్నాక నీ కోపం నువ్వు తీర్చుకో.

నీ ఉత్తరం నేను చదవలేదు. టెర్కా చదివి వినిపించింది. ఏడాదిన్నరగా నీ ఉత్తరాలన్నీ ఆమే చదువుతోంది. నా కళ్లు పోయాయి. పూర్తిగా కాదు. వెలుతురు తెలుస్తుంది, మనిషి అడ్డమొస్తే తెలుస్తుంది, ముఖం తెలియదు. చక్కెర జబ్బు. మోకాలు దివ్యంగా ఉంది. రాసేది మాత్రం నేనే. టెర్కా అట్టముక్కలో వరుసకొక సందు కోసిచ్చింది, అందులో చెయ్యి కదుపుతాను. నీకు చెప్తే జాలిపడి వస్తావని చెప్పలేదు. నువ్వు జాలితో రావడం నాకక్కర్లేదు.

టెర్కా మొదటి వరుస చదివి ఆగిపోయింది.

"మాస్టారూ, చదివి పొయ్యిలో పడెయ్యమని రాసింది. నేను చదవనా, వద్దా?"

"నువ్వు చదవకపోతే నాకెవరు చదువుతారు?"

"నేను చదివితే ముగ్గురికి తెలిసినట్టు."

"నీకు తెలిస్తే ఊరికి తెలిసినట్టా?"

"నా చేతిలో పాతికేళ్లుగా ఈ ఊరి ఉత్తరాలన్నీ నడిచాయి మాస్టారూ. ఎవరి రహస్యమైనా ఎవరి దగ్గరైనా విన్నారా?" అంది. వినలేదు. చదివించాను. "ఇప్పటికి" ఉన్న వరుస రెండుసార్లు చదివింది. చివరి వాక్యం చదవలేక, కాగితం నా చేతిలో పెట్టి వాకిట్లోకి వెళ్లిపోయింది. కాసేపయ్యాక వచ్చి చదివింది. తర్వాత ఇద్దరం కలిసి దాన్ని పొయ్యిలో పెట్టాం. పెట్టినందుకు నేనింకా బాధపడుతున్నాను. ఆ చివరి వాక్యం వరకైనా చింపి ఉంచుకోవాల్సింది.

ఇప్పుడు నా మాట విను. నువ్వు ఎవరికీ ఏమీ చెప్పొద్దు. ఇరవై మూడేళ్ల పేరు నీది. వంతెన లేకుండా యాభై రెండేళ్లు గడిపాం, ఇంకా గడుపుతాం. ఇది నేనొక్కణ్ని అంటున్న మాట. లుకాచ్ మనవరాలు ఏమంటుందో నాకు తెలియదు. దానికింకా మాటలు రాలేదు.

నీ విరిగిన పన్ను నాకు కనిపించదు. ఇది హాస్యానికి అన్నానా నిజానికి అన్నానా నాకే తెలియడం లేదు.

వెండెల్


బ్రాటిస్లావా
సెప్టెంబరు 14

వెండెల్,
(టెర్కా, నీకు కూడా),

మూడు నెలలు రాయలేదు. అలిగాననుకుని ఉంటావు. పది రోజులు అలిగాను, నిజమే. ఏడాదిన్నరగా ఒక పోస్టుమనిషి ఎదుట నేను జుట్టు రంగు గురించి ఒప్పుకుంటున్నానని తెలిస్తే నువ్వూ అలుగుతావు. ఆ తర్వాత అలకకు తీరిక దొరకలేదు.

జూలై మొదట్లో మా అధికారి హవ్రానెక్ గారి గదికి వెళ్లాను. చెట్టు నుంచి కోసిన చెర్రీలు బల్ల మీద పెట్టుకుని తింటున్నాడు. చెప్పాను. ఆయన గింజ ఉమ్మడం మరిచిపోయాడు.

"ఎన్నేళ్లుగా చేస్తున్నారు?"

"ఇరవై మూడు."

"తప్పులెన్ని?"

"నాకు తెలిసి ఒకటి."

"ఇదా?"

"ఇదే."

"ఎవరూ పట్టించుకోలేదు కదా. మన కాగితాల్లో 'ఇప్పటికి' ఉంది. వాళ్ల కాగితాల్లో లేదు. ఎవరూ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడరు."

"నేను చూస్తున్నాను, రోజూ."

మంచివాడే. "యోలాన్ గారూ, ఇది రాతలో పెడితే మళ్లీ మిమ్మల్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టలేను" అన్నాడు. నా సొంత ఊరని ముందే చెప్పి తప్పుకోవాల్సిందని కూడా అన్నాడు. అది నిజమే, నాకు తోచనే లేదు. నీకు రాసిన సంగతి కూడా చెప్పాను. అప్పుడు మాత్రం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అది నేను వినలేదు" అన్నాడు. "వినండి, రాయండి" అన్నాను. రాశాడు.

దిద్దుబాటు పత్రం మీ రాజధానికి వెళ్లింది. ఐదు వారాలకు జవాబు వచ్చింది. మూడే వాక్యాలు. "ఇప్పటికి" అన్న మాటను గమనించాం, ఆ అంశాన్ని మూసేసినట్టు భావించడం లేదు, కొలతలకు ఇరువైపుల ఇంజనీర్లను పంపుదాం. మా ప్రధాని ఆ కాగితం మీద "సరే" అని రాశాడట. అంతటి సంగతి అంత తేలిగ్గా. ఆ కవరులోనే చిన్న కార్డు, నా పేరున. క్లొటిల్డ్ రాసింది: "ఆ రోజు నేనూ నోరు తెరవాల్సింది. మర్యాదకు పోయాను. మీరు లేని గది నాకు నచ్చడం లేదు."

ఇప్పుడు నేను కింది అంతస్తులో ఉంటున్నాను. పాత ఒప్పందాలు అనువదిస్తాను. ఎవరి గొంతూ వినపడదు. మొదటి వారం ఆ నిశ్శబ్దం భరించలేకపోయాను. ఆ గది కోసం, ఆ బిగువు కోసం, రెండు దేశాలు నా నోటి మీదుగా నడిచి వెళ్లే ఆ గంటల కోసం ఎంత తపించానో నీకు చెప్పలేను. అది నా బతుకు, వెండెల్. పోగొట్టుకున్నందుకు విచారం లేదని చెప్తే అబద్ధం.

అక్టోబరు మొదటి శనివారం సాగ్ మీదుగా వస్తున్నాను. జాలితో కాదు. వంతెన కట్టేదాకా ఆగితే నాకు అరవై దాటుతుంది. జుట్టుకు రంగు వేసుకోవడం మానేశాను. నీకు కనిపించదని తెలిశాక కలిగిన తేలికదనానికి సిగ్గుపడి మానేశాను. ఊళ్లోవాళ్లకైనా కనిపించాలి కదా.

లుకాచ్‌ను నేనే కలుస్తాను. నువ్వు ముందుగా ఏమీ చెప్పొద్దు.

యోలాన్


హాలాస్
అక్టోబరు 30

యోలాన్,

నువ్వు వచ్చి వెళ్లి మూడు వారాలు దాటింది. నువ్వు చూసినవి నీకు రాయక్కర్లేదు. చూడనివి మాత్రం రాస్తాను.

ఆ శనివారం పొద్దున టెర్కా నాకు గడ్డం గీసింది. రెండుచోట్ల కోసింది. నాకన్నా ఆమెకే ఎక్కువ కంగారు. బస్సు ఆగిన చప్పుడు విన్నాను. దిగినవాళ్ల అడుగులు విన్నాను, అందులో నీవి ఏవో తెలియలేదు. అందుకు నాకు భయమేసింది. నువ్వు నా ఎదుట నిలబడి చాలాసేపు పలకలేదు, జ్ఞాపకముందా? అప్పుడు నాకు కనిపించింది వెలుతురులో ఒక పొడుగాటి నీడ మాత్రమే. నువ్వు ఏమైనా అంటే బావుండుననుకున్నాను. నువ్వేమో "గడ్డం దగ్గర రక్తం" అన్నావు. అదే యాస. మూడున్నర దశాబ్దాల తర్వాత నువ్వు నాతో అన్న మొదటి మాట అది. నేను సంతోషం పట్టలేక నవ్వితే నీకు కోపమొచ్చింది.

నువ్వు లుకాచ్ ఇంటికి వెళ్లినప్పుడు లోపల ఏం జరిగిందో వాడు ఎవరికీ చెప్పలేదు. తర్వాత రోజు నా దగ్గరికి వచ్చి, "ఆవిడ చెప్పక్కర్లేదు మాస్టారూ. చెప్పింది. నేనైతే చెప్పేవాణ్ని కాదు" అన్నాడు. క్షమించానని అనలేదు. మనవరాలిని నీ ఒళ్లో కూర్చోబెట్టాడని మాత్రం వాడి కోడలు చెప్పింది.

ఇంజనీర్లు పోయిన మంగళవారం వచ్చారు. మీ వాళ్లు ఇద్దరు, మా వాళ్లు ఇద్దరు. రెండు ఒడ్లూ జనంతో నిండిపోయాయి. ఒకాయన పడవలో స్తంభం దాకా వెళ్లి సుత్తితో కొట్టి చూశాడు. ఆ చప్పుడుకు మీ ఒడ్డున డెజో చప్పట్లు కొట్టాడు, ఆ తర్వాత అందరూ కొట్టారు. లుకాచ్ అడిగాడు, "ఎన్నాళ్లు పడుతుంది బాబూ?" అని. "అన్నీ కుదిరితే ఎనిమిదేళ్లు. కుదరకపోతే చెప్పలేం" అన్నాడాయన. జనం చప్పట్లు ఆపలేదు. ఎనిమిదేళ్లు అన్న మాట అవతలి ఒడ్డుకు వినపడలేదనుకుంటాను.

నేను ఇంటికి నడుచుకుంటూ వచ్చాను. ఎనిమిదేళ్లు అనుకుంటూ వచ్చాను. లుకాచ్ మనవరాలు బడికి వెళ్తుంది. డెజో ముసలివాడవుతాడు. మనమిద్దరం ఏమవుతామో లెక్కేయడం మానేశాను.

ఇల్లు నువ్వు సర్దినట్టే ఉంది. కప్పులు కొత్తచోట పెట్టావు, రోజూ పాతచోట వెతుకుతాను, దొరక్క నిన్ను తిట్టుకుంటాను. తిట్టుకోవడానికి ఇంట్లో ఒక మనిషి పేరు ఉండటం నాకు కొత్త. సాయంత్రం నాలుగింటికి రోజూ నీ బస్సు వెళ్లిపోయిన చప్పుడు వినిపిస్తుంది, వేరే బస్సే అయినా. ఆ చప్పుడు పోయేదాకా కుర్చీలోంచి లేవను.

కింది అంతస్తులో కాగితాలు అనువదించే పని హాలాస్‌లో కూర్చుని కూడా చేయొచ్చా? హవ్రానెక్ గారిని అడుగు. టెర్కా తీసుకొస్తుంది, తీసుకెళ్తుంది. ఇది నేను అడిగే రెండో ప్రశ్న. మొదటిదానికి జవాబు రావడానికి ముప్పై ఐదేళ్లు పట్టింది. దీనికి అంత టైము ఇవ్వలేను.

నవంబరు పదహారు శనివారం. రావడానికి మాత్రమే టికెట్ తీసుకో. తిరుగు ప్రయాణానిది తీసుకోకు.

వెండెల్